‘ప్యారిస్ అలైన్డ్’ ఈటీఎఫ్, మన ఈఎస్‌జీ ఫండ్ ఒకటేనా? ఆ పేర్లను ఎవరు తనిఖీ చేస్తారు?

ముందు ప్రశ్న ఏమిటో చెప్పుకుందాం. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న చెల్లెలు, పేరులో ‘ప్యారిస్ అలైన్డ్’ (ప్యారిస్ వాతావరణ ఒప్పందానికి తగ్గట్టుగా ఉన్నది) అని ఉన్న ఒక ఈటీఎఫ్‌లో, అంటే షేర్ మార్కెట్‌లో కొనే, ఒక సూచీని అనుసరించే ఫండ్‌లో, నెలనెలా డబ్బు వేస్తోంది. ప్రశ్న అడిగిన అన్నగారు హైదరాబాద్‌లో ఒక ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన అంశాలు చూసే) మ్యూచువల్ ఫండ్‌లో సిప్ కడుతున్నారు. ఆయన సందేహాలు మూడు. ఈ రెండూ ఒకటేనా? ఇలాంటి పేరు పెట్టుకోవడానికి ఎవరైనా అనుమతి ఇవ్వాలా? ‘కార్బన్ 50 శాతం తక్కువ’ అని రాస్తే పొగ నిజంగా సగానికి తగ్గినట్టేనా?

మూడోదానికే ముందు జవాబు చెప్తాను. మిగతా గందరగోళమంతా అక్కడి నుంచే మొదలవుతుంది. పొగ సగానికి తగ్గినట్టు కాదండీ. మామూలు సూచీలో (ఇండెక్స్, అంటే ఎంచిన షేర్ల జాబితాలో) ఉండే కంపెనీల్లో కొన్నిటిని తీసేసి, కొన్నిటి వెయిట్ (జాబితాలో వాటా) తగ్గించి, మిగిలినవాటి సగటు కార్బన్ ఇంటెన్సిటీ (కంపెనీ విలువతో పోలిస్తే ఎంత కార్బన్ వదులుతుందన్న లెక్క) సగం ఉండేలా కూర్చారని అర్థం. తీసేసిన కంపెనీ చిమ్నీ మర్నాడు కూడా అంతే పొగ వదులుతుంది. చట్టం కొలిచేది ప్రధానంగా మీ చెల్లెలి డబ్బు ఏ కంపెనీల్లో ఉందన్నది. ఆ కంపెనీలు తమ ప్లాంట్లలో ఏం మార్చాయన్నది అందులో కొంతవరకే కనిపిస్తుంది.

నా సంగతి: సూచీల వెనక నడిచే కార్బన్ డేటా పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. హైదరాబాద్‌లో కూర్చుని యూరప్ క్లయింట్లకు చేసే పని. సెబీ దగ్గర రిజిస్టర్ అయిన సలహాదారుని కాను కాబట్టి ఏ ఫండ్ కొనాలో, ఏది అమ్మాలో చెప్పను. పేరు వెనక ఏ రూల్ ఉందో, ఆ రూల్ ఎంతవరకు పనిచేస్తుందో మాత్రం చెప్పగలను.

సూచీలకు చట్టం ఏమిటి అనిపించవచ్చు. 2012లో లైబర్ (బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పుల వడ్డీని చూపే సూచీ) వ్యవహారం బయటపడింది. కొన్ని పెద్ద బ్యాంకులు రోజూ తాము చెప్పే వడ్డీ రేట్లను తమ లాభానికి తగ్గట్టు వంచాయని తేలింది. దాని తర్వాత యూరోపియన్ యూనియన్ 2016లో బెంచ్‌మార్క్‌ల (కొలమానంగా వాడే సూచీల) చట్టం చేసి 2018 నుంచి అమలుకు తెచ్చింది. సూచీ లెక్కగట్టేవాళ్లు ఎలా నడుచుకోవాలో అందులో ఉంది గానీ, ‘లో కార్బన్’ అని పేరు పెట్టుకున్న సూచీలో ఏముండాలో లేదు. ఎవరి పద్ధతి వారిది, పేర్లు మాత్రం అందరివీ పచ్చపచ్చగానే ఉండేవి. 2019 నవంబర్‌లో చేసిన సవరణ చట్టం రెండు పేర్లకు గట్టి అర్థం పెట్టింది. ఒకటి ‘ఈయూ క్లైమేట్ ట్రాన్సిషన్ బెంచ్‌మార్క్’, రెండోది ‘ఈయూ ప్యారిస్ అలైన్డ్ బెంచ్‌మార్క్’. పనిలో ఉన్నవాళ్లం వీటిని సీటీబీ, పీఏబీ అంటాం. అంకెలతో కూడిన నిబంధనలు 2020 జులైలో వచ్చాయి.

ఆ అంకెలు ఇవీ. ఏ పెట్టుబడి ప్రపంచం నుంచి కంపెనీలను ఎంచుకుంటారో, దాని కార్బన్ ఇంటెన్సిటీతో పోలిస్తే సీటీబీది కనీసం 30 శాతం, పీఏబీది కనీసం 50 శాతం తక్కువ ఉండాలి. అక్కడితో సరిపోదు. ఆ తర్వాత ఏటా సగటున కనీసం 7 శాతం చొప్పున తగ్గుతూ పోవాలి. ఈ 7 శాతం ఊరికే వేసింది కాదు. వేడిని 1.5 డిగ్రీల దగ్గర ఆపడానికి ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం) 2018 నివేదికలో చూపించిన దారుల నుంచి తీసుకున్నది. చక్రవడ్డీని తిరగేసినట్టు లెక్క కడితే పదేళ్లలో సగానికి కాస్త కిందికి వస్తుంది. అంటే ఆ పెట్టుబడి ప్రపంచం (మాతృ సూచీ) మొదటి ఏడాది 100 అనుకుంటే, 50 దగ్గర మొదలైన పీఏబీ పదేళ్లకు 24 దగ్గర, 70 దగ్గర మొదలైన సీటీబీ 34 దగ్గర ఉండాలి. సీటీబీ, ఈరోజు పీఏబీ ఉన్న చోటికి రావడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఒక ఏడాది లక్ష్యం తప్పితే మరుసటి ఏడాది ఆ లోటు పూడ్చాలి. పూడ్చకపోయినా, వరుసగా ఏ పదేళ్లలోనైనా మూడుసార్లు తప్పినా ఆ పేరు వాడుకునే హక్కు పోతుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బ్యాంకులతో నింపేస్తే 50 శాతం తగ్గించడం చిటికెలో పని కదా అని మీకు అనుమానం రావాలి. రూల్ రాసినవాళ్లకూ వచ్చింది. విద్యుత్తు, తయారీ, రవాణా, నిర్మాణం, వ్యవసాయం లాంటి వాతావరణ ప్రభావం ఎక్కువున్న రంగాల మొత్తం వెయిట్ మాతృ సూచీలో ఉన్నదానికంటే తగ్గకూడదని పెట్టారు. ఈ ఒక్క షరతు లేకపోతే ఈ రెండు లేబుళ్లూ నా దృష్టిలో చిత్తు కాగితాలే.

ఇక పూర్తిగా బయట పెట్టాల్సిన కంపెనీలు. వివాదాస్పద ఆయుధాలు, పొగాకు, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ సూత్రాలను (కంపెనీల ప్రవర్తనా నియమాలను) ఉల్లంఘించినవి రెండు లేబుళ్లలోనూ ఉండకూడదు. పీఏబీకి అదనంగా శిలాజ ఇంధనాల గీతలున్నాయి. ఆదాయంలో 1 శాతమైనా బొగ్గు తవ్వకం, పంపిణీ లాంటి పనుల నుంచి వస్తే బయటికి. చమురు నుంచి 10 శాతం, గ్యాస్ నుంచి 50 శాతం వస్తే బయటికి. యూనిట్‌కు 100 గ్రాములకు పైగా కార్బన్ వదిలే కరెంటు అమ్మకం నుంచి ఆదాయంలో సగమో, అంతకు మించో వస్తే కూడా బయటికే.

ఆ 100 గ్రాముల గీతను మన రామగుండం దగ్గర పెట్టి చూడండి, అసలు కథ అర్థమవుతుంది. బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ కరెంటుకు కిలో అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గీతకు అది తొమ్మిది పది రెట్లు. గ్యాస్ ప్లాంటు కూడా ఆ గీత కిందికి రాలేదు. రామగుండంలో ఎన్‌టీపీసీకి 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఉంది. దాని రిజర్వాయర్ నీళ్ల మీదే 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కట్టారు. మంచి పనే. కానీ పీఏబీ లెక్కలో దానికి విలువ సున్నా. కంపెనీ మొత్తం ఆదాయంలో బొగ్గు కరెంటు వాటా సగం కిందికి దిగేదాకా, పక్కన ఎన్ని సోలార్ పలకలు పరిచినా ఎన్‌టీపీసీ లోపలికి రాలేదు. రిలయన్స్ కూడా చమురు గీత దగ్గరే ఆగిపోతుంది. కోల్ ఇండియా గురించి చెప్పనక్కర్లేదు.

అదే ఎన్‌టీపీసీ తన సోలార్, పవన విద్యుత్ వ్యాపారాన్ని ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ అనే వేరే కంపెనీగా చేసి 2024 నవంబర్‌లో షేర్ మార్కెట్‌కు తెచ్చింది. కరెంటు గీత వరకూ చూస్తే ఈ పిల్ల కంపెనీకి ఇబ్బంది లేదు, తల్లి కంపెనీకి తలుపు మూసే ఉంటుంది. దేశంలో పొగ ఒక్క గ్రాము కూడా మారలేదు. కంపెనీని రెండుగా విడదీశారు, అంతే. పీఏబీలాంటి సూచీలు ఏం చూస్తాయో, ఏం చూడవో తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అలాగని ఎన్‌టీపీసీ ఏదో గారడీ చేసిందని కాదు, డబ్బు సమకూర్చుకోవడానికి అది మామూలు దారే.

ఇప్పుడు ఎవరూ చదవని చోటికి వెళ్దాం. ఇంటెన్సిటీ అంటే భాగాహారం. పైన టన్నులు ఉంటాయి, కింద హారం ఉంటుంది. ఆ హారం ఏమిటి? యూరప్ రూల్ ప్రకారం అది కంపెనీ అమ్మకాలు కాదు. నగదుతో కలిపిన ఎంటర్‌ప్రైజ్ విలువ, మా భాషలో ఎవిక్. షేర్ల మార్కెట్ విలువ, అప్పులు, మైనారిటీ వాటాలు అన్నీ కలిపి, చేతిలో నగదును తీసేయకుండా కట్టే మొత్తం. అంటే షేర్ ధర పెరిగితే హారం పెరుగుతుంది, హారం పెరిగితే ఇంటెన్సిటీ తగ్గుతుంది. మనిషి బరువు తగ్గకపోయినా ఎత్తు పెరిగితే బీఎంఐ తగ్గినట్టు.

ఊహించిన అంకెలతో చూడండి. ఒక కంపెనీ ఏటా 10 లక్షల టన్నులు వదులుతుంది. ఎవిక్ 500 కోట్ల యూరోలు. అంటే ప్రతి 10 లక్షల యూరోల విలువకు 200 టన్నులు. మరుసటి ఏడాది మార్కెట్ ఊపు మీద ఉండి ఎవిక్ 600 కోట్లైంది, టన్నులు మాత్రం అవే. ఇంటెన్సిటీ 167కు దిగింది. బాయిలర్ దగ్గర ఎవరూ వేలు కదపకుండానే దాదాపు 17 శాతం తగ్గుదల వచ్చేసింది. ఏటా 7 శాతం అన్న లక్ష్యాన్ని రెండేళ్లకు పైగా ముందే కొట్టేసినట్టు.

రూల్‌లో దీనికి విరుగుడు ఉంది. సూచీలోని కంపెనీల సగటు ఎవిక్ ఆ ఏడాది ఎంత మారిందో చూసి, ప్రతి కంపెనీ ఎవిక్‌నూ ఆ మేరకు సర్దాలి. సగటు 20 శాతం పెరిగిందనుకుంటే మన కంపెనీ 600ను 1.2తో భాగిస్తారు, మళ్లీ 500కు వస్తుంది, ఇంటెన్సిటీ 200 దగ్గరే ఉంటుంది. మార్కెట్ మొత్తం పెరిగినప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. మార్కెట్ నిలకడగా ఉండి ఒక్క కంపెనీ షేరే ఎగిరితే మాత్రం దానికి ఆ లాభం మిగిలిపోతుంది. తిరగేసి చూస్తే, చెడు వార్త వల్ల షేర్ పడిపోయిన ఉక్కు కంపెనీ ఒక్క టన్ను ఎక్కువ వదలకుండానే ‘మురికి’ అయిపోతుంది, సూచీ దాని వెయిట్ తగ్గిస్తుంది.

టన్నుల వైపు కూడా అంత సాఫీగా ఏమీ లేదు. స్కోప్ 1 అంటే కంపెనీ సొంత చిమ్నీ, స్కోప్ 2 అంటే కొన్న కరెంటు, స్కోప్ 3 అంటే సరఫరాదారుల నుంచి వినియోగదారుల దాకా మిగతా అంతా. యూరప్ లేబుళ్లలో స్కోప్ 3ని విడతలుగా తెచ్చారు. ఇంధన, గనుల రంగాలకు మొదటి నుంచీ, రవాణా, నిర్మాణం, పరిశ్రమలకు రెండేళ్లలో, మిగతా అన్నిటికీ నాలుగేళ్లలో. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కంపెనీలు స్కోప్ 3 చెప్పకపోతే డేటా సంస్థలు అంచనా వేస్తాయి. అంచనా అంటే చాలాసార్లు ఆ రంగం సగటే. నిజంగా కష్టపడి తన సరఫరాదారులను మార్చుకున్న కంపెనీ, ఆ వివరాలు బయటపెట్టకపోతే, ఏమీ చేయని కంపెనీతో ఒకే అంకె మోస్తుంది. ఒకే కంపెనీకి రెండు డేటా సంస్థలు రెండు అంకెలు ఇవ్వడం మాకు రోజూ కనిపించేదే.

మన కంపెనీల లెక్కలు మా స్క్రీన్ మీదికి ఎలా వస్తాయో కూడా చెప్తాను. సెబీ నిబంధన ప్రకారం కంపెనీలు ఏటా పర్యావరణం, సమాజం, పాలన గురించి ఇచ్చే నివేదిక పేరు బీఆర్‌ఎస్‌ఆర్. అందులో ఆరో సూత్రం కింద స్కోప్ 1, స్కోప్ 2 పట్టిక ఉంటుంది. పట్టికకు వెళ్లే ముందు నేను సెక్షన్ ఏలో ఒక గడి చూస్తాను. నివేదిక స్టాండలోనా (ఆ ఒక్క కంపెనీదేనా), కన్సాలిడేటెడా (పిల్ల కంపెనీలతో కలిపి మొత్తం గ్రూపుదా) అని చెప్పే గడి అది. విదేశాల్లో ప్లాంట్లున్న ఒక ఫార్మా కంపెనీని ఊహించుకోండి. బీఆర్‌ఎస్‌ఆర్ స్టాండలోన్‌గా ఇస్తే ఉద్గారాలు ఇక్కడి ప్లాంట్లవి మాత్రమే. షేర్ మార్కెట్ విలువ మాత్రం మొత్తం గ్రూపుది. పైన సగం, కింద పూర్తి. ఆ గడి చూడకుండా భాగించేస్తే ఆ కంపెనీ ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. యూనిట్ల సంగతి ఇంకో తలనొప్పి. టన్నుల్లో రాయాల్సిన చోట కిలోల అంకె వేస్తారు, గిగాజౌల్స్ అడిగిన చోట కిలోవాట్ అవర్లు వేస్తారు. పోయిన ఏడాది అంకెతో పోల్చి చూస్తే వెయ్యి రెట్లు తేడా కనిపిస్తుంది కాబట్టి అవి దొరికిపోతాయి. స్టాండలోన్ తేడా అలా దొరకదు, ఎందుకంటే అది ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటుంది.

రెండో ప్రశ్నకు వద్దాం, అనుమతి ఎవరిస్తారు? ఐరోపాలో ప్రతి సూచీకీ ముందుగా ఎవరో పరీక్షించి ముద్ర వేయరు. సూచీ తయారుచేసే సంస్థ ఆథరైజేషన్ గానీ రిజిస్ట్రేషన్ గానీ తీసుకోవాలి, తన పద్ధతి మొత్తం బయటపెట్టాలి, రూల్ పాటిస్తున్నానని తనే చెప్పాలి. ఆపైన పర్యవేక్షణ. ఐరోపా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా వెబ్‌సైట్‌లో ఈ సంస్థల రిజిస్టర్ ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. 2026 జనవరి 1 నుంచి బెంచ్‌మార్క్‌ల చట్టాన్ని బాగా కుదించారు. చిన్న సూచీలు చాలావరకు దాని పరిధి నుంచి బయటపడ్డాయి. ఈ రెండు క్లైమేట్ లేబుళ్లను మాత్రం ఎంత చిన్నవైనా వదల్లేదు. భారం తగ్గిద్దాం అన్న ఊపులో కూడా వీటి జోలికి పోలేదంటే, ఈ పేర్లతో ఆడుకుంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసని నేను అనుకుంటాను.

సూచీ వేరు, దాన్ని అనుసరించే ఫండ్ వేరు. ఫండ్‌కు ఇంకో చట్టం ఉంది. 2021 మార్చి 10 నుంచి అమల్లో ఉన్న సస్టైనబుల్ ఫైనాన్స్ డిస్‌క్లోజర్ చట్టం, అందరూ ఎస్ఎఫ్‌డీఆర్ అంటారు. అది రాసినవాళ్ల ఉద్దేశం వివరాలు బయటపెట్టించడమే. పెట్టుబడిదారులు, అమ్మేవాళ్లు దాన్ని లేబుల్‌గా మార్చేశారు. ఆర్టికల్ 8 అంటే లేత పచ్చ, ఆర్టికల్ 9 అంటే ముదురు పచ్చ. 2022 చివర్లో ఓ చిత్రం జరిగింది. ఆర్టికల్ 9 ఫండ్‌లో దాదాపు అన్నీ ‘సస్టైనబుల్’ పెట్టుబడులే ఉండాలన్న అర్థం బలపడేసరికి, పీఏబీ సూచీలను అనుసరించే ఫండ్లు కూడా మనకెందుకొచ్చిన గొడవ అని పెద్ద సంఖ్యలో ఆర్టికల్ 8కి దిగిపోయాయి. చట్టమే కనిపెట్టిన అతి కఠినమైన క్లైమేట్ సూచీ, చట్టంలోని అతి కఠినమైన తరగతికి సరిపోతుందో లేదో ఎవరికీ తెలియలేదు! 2023 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ తేల్చి చెప్పింది: సీటీబీ, పీఏబీలను నేరుగా అనుసరించే ఫండ్లను ఆర్టికల్ 9గానే భావించవచ్చు అని. అప్పటికే దిగినవాళ్లలో కొందరు మళ్లీ ఎక్కారు. మాకు ఆ కొన్ని నెలలూ టెన్షనే టెన్షన్.

తర్వాత ఎస్మా ఫండ్ల పేర్ల మీదే నేరుగా మార్గదర్శకాలు పెట్టింది. కొత్త ఫండ్లకు 2024 నవంబర్ 21 నుంచి, అప్పటికే ఉన్నవాటికి 2025 మే 21 నుంచి వర్తించాయి. పేరులో ‘ఈఎస్‌జీ’, ‘సస్టైనబుల్’, పర్యావరణానికి సంబంధించిన మాట ఉంటే, కనీసం 80 శాతం పెట్టుబడి ఆ లక్ష్యానికి తగ్గట్టు ఉండాలి, పీఏబీ బయటపెట్టిన కంపెనీలన్నిటినీ ఆ ఫండ్ కూడా బయట పెట్టాలి. ‘ట్రాన్సిషన్’ అన్న మాట వాడితే సీటీబీ జాబితా చాలు. సూచీల కోసం రాసిన వడపోత మొత్తం ఫండ్ల పరిశ్రమకే కొలబద్ద అయింది. ఆ గడువు లోపల చాలా ఫండ్లు తమ పేర్లలోంచి ‘ఈఎస్‌జీ’ అన్న మాట తీసేశాయి. కంపెనీలను అమ్ముకోవడం కంటే పేరు మార్చుకోవడం తేలిక మరి.

ఇప్పుడు మీ హైదరాబాద్ సిప్. మన దగ్గర ‘ప్యారిస్ అలైన్డ్’ లాంటి చట్టబద్ధమైన సూచీ లేబుల్ లేదు. సెబీ 2024 మార్చిలో ఇండెక్స్ ప్రొవైడర్ల నిబంధనలు తెచ్చింది. మ్యూచువల్ ఫండ్లు 20,000 కోట్ల రూపాయలకు పైగా అనుసరించే సూచీలు నడిపే సంస్థలు రిజిస్టర్ కావాలి, పద్ధతి బయటపెట్టాలి, ప్రయోజనాల ఘర్షణలు లేకుండా చూసుకోవాలి. అవి లైబర్ తరహా జబ్బుకు మందు. క్లైమేట్ సూచీలో కార్బన్ ఎంత ఉండాలో వాటిలో ఒక్క అంకె కూడా లేదు. బీఎస్ఈ గ్రీనెక్స్, కార్బనెక్స్ 2012 నుంచీ ఉన్నాయి, నిఫ్టీ వైపు ఈఎస్‌జీ సూచీలున్నాయి. ఏ కంపెనీ లోపలికి రావాలో, ఏది బయట ఉండాలో సూచీ తయారుచేసినవాళ్ల పద్ధతే చెప్తుంది.

సెబీ బిగించింది ఫండ్ వైపు. 2023 జులై నుంచి ఈఎస్‌జీ ఫండ్ ఆరు వ్యూహాల్లో ఒకటి ఎంచుకోవాలి, అది పేరులోనే కనపడాలి. ఎక్స్‌క్లూజన్, ఇంటిగ్రేషన్, బెస్ట్ ఇన్ క్లాస్, ఇంపాక్ట్, సస్టైనబుల్ ఆబ్జెక్టివ్స్, ట్రాన్సిషన్. కనీసం 80 శాతం డబ్బు ఆ వ్యూహానికే పోవాలి. 2024 అక్టోబర్ నుంచి కనీసం 65 శాతం డబ్బు, బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అంకెలకు బయటి సంస్థ తనిఖీ చేయించుకున్న కంపెనీల్లోనే ఉండాలి. నెలవారీ పోర్ట్‌ఫోలియోలో కంపెనీ వారీగా స్కోరూ, ఆ స్కోరు ఇచ్చిన సంస్థ పేరూ పెట్టాలి. మీ ఫండ్ పేరులో ‘ఇంటిగ్రేషన్’ అని ఉంటే, మేనేజర్ ఈఎస్‌జీ అంశాలను కూడా చూసి నిర్ణయం తీసుకుంటాడని అర్థం. అందులో ఒక బొగ్గు కరెంటు కంపెనీ ఉన్నా రూల్ తప్పినట్టు కాదు. మీ చెల్లెలి ఈటీఎఫ్‌లో అది ఉంటే మాత్రం తప్పే. ఒకటేనా అన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

బీఆర్‌ఎస్‌ఆర్ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీలకు తప్పనిసరి. అందులోంచి ఎంచిన ముఖ్యమైన అంకెలే బీఆర్‌ఎస్‌ఆర్ కోర్. వీటికి తనిఖీ 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలై, ఏటా పెరుగుతూ 2026-27కి 1,000కి చేరాలన్నది ప్రణాళిక. స్కోప్ 1, 2 తప్పనిసరి, స్కోప్ 3 ఇష్టమైతేనే. సరఫరాదారుల వివరాలు కూడా మొదట గట్టిగా అడిగారు, 2024 డిసెంబర్‌లో దాన్ని స్వచ్ఛందం చేశారు. ‘అస్యూరెన్స్’ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే హామీ) అన్న చోట ‘అసెస్‌మెంట్ లేదా అస్యూరెన్స్’ అని సడలించారు. కంపెనీల ఖర్చు దృష్ట్యా అర్థం చేసుకోగలను. కానీ ఆటో, సిమెంట్, చమురు రంగాల్లో కనీసం పెద్ద కంపెనీలకైనా స్కోప్ 3 తప్పనిసరి చేసి ఉండాల్సింది అనే నా అభిప్రాయం. కారు కంపెనీ ఫ్యాక్టరీ పొగ ఎంత? అది అమ్మిన కార్ల పొగ ఎంత?

ఒక విషయంలో మాత్రం మన ఫార్మాట్ యూరప్ సూచీల లెక్క కంటే మెరుగు. బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఇంటెన్సిటీని టర్నోవర్‌తో, కొనుగోలు శక్తి ప్రకారం సర్దిన టర్నోవర్‌తో, ఆపైన ఉత్పత్తితో కూడా అడుగుతారు. మూడోదే బంగారం. పల్నాడులోనో, హుజూర్‌నగర్ దగ్గరో, తాడిపత్రిలోనో ఉన్న సిమెంట్ ప్లాంటును తీసుకోండి. సిమెంట్ బస్తా ధర పెరిగితే టర్నోవర్ పెరుగుతుంది, రూపాయికి కార్బన్ తగ్గుతుంది, నివేదిక మెరిసిపోతుంది. టన్ను సిమెంట్‌కు ఎంత కార్బన్ అన్న అంకె ధరను పట్టించుకోదు. సిమెంట్‌లో దాదాపు 60 శాతం ఉద్గారాలు ఇంధనం నుంచి కాదు, సున్నపురాయి కాలి విడిపోవడం నుంచే వస్తాయి. సోలార్ పలకలు పెట్టినా అవి తగ్గవు. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఉక్కు కొలిమి వ్యర్థం) కలిపి క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంట్ ముడిపదార్థం) వాడకం తగ్గిస్తేనే తగ్గుతాయి. ఆ మార్పు కనపడేది టన్నుకు లెక్కలోనే. నేనైతే సిమెంట్, ఉక్కు, కరెంటు కంపెనీల్లో ముందు ఆ వరసే చూస్తాను, మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టుకుని.

మన దగ్గర కూడా పీఏబీ లాంటి లేబుల్ రావాలని కొందరు అంటుంటారు. నాకు ఒప్పుదల లేదు. 100 గ్రాముల గీతను ఇక్కడ గీస్తే కరెంటు రంగంలో పెద్ద కంపెనీలు చాలా వరకు ఎగిరిపోతాయి. నిజంగా మారాల్సినవి అవే. వాటి షేర్లు పట్టుకుని, మీటింగుల్లో ఓటేసి, బొగ్గు యూనిట్లు ఎప్పుడు మూస్తారని అడిగే అవకాశం పోతుంది. సీటీబీ తరహాలో ఏటా తగ్గాల్సిన అంకె, దానికి తోడు ఉత్పత్తి ఆధారిత హారం పెడితే మనకు సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ చెల్లెలికి. యూరప్‌లో ఎస్ఎఫ్‌డీఆర్‌నే మార్చేస్తున్నారు. 2025 నవంబర్ 20న కమిషన్ పెట్టిన ప్రతిపాదనలో ఆర్టికల్ 8, 9 పోయి ట్రాన్సిషన్, ఈఎస్‌జీ బేసిక్స్, సస్టైనబుల్ అనే మూడు తరగతులు వస్తాయి. అది చట్టమయ్యే లోపు ఫండ్ కాగితాల్లో మాటలు మారుతుంటాయి, కంగారు పడక్కర్లేదు. ఆమె చూడాల్సింది ఫ్యాక్ట్‌షీట్ మొదటి పేజీలోని ఆకుపచ్చ బొమ్మను కాదు. అది అనుసరించే సూచీ పూర్తి పేరు ఏమిటి, దానిలో ‘ఈయూ ప్యారిస్ అలైన్డ్ బెంచ్‌మార్క్’ అన్న చట్టపు మాట ఉందా, ఊరికే ‘ప్యారిస్’ అనో ‘క్లైమేట్’ అనో ఉందా చూడాలి. సూచీ మెథడాలజీ పత్రంలో ఏటా 7 శాతం లెక్క ఏ తేదీ నుంచి మొదలైందో, స్కోప్ 3లో ఎంత భాగం కంపెనీలు చెప్పింది, ఎంత అంచనా అన్నది చూడాలి. మీరు మీ ఫండ్ నెలవారీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పది కంపెనీలు తీసి, వాటి బీఆర్‌ఎస్‌ఆర్‌లో స్టాండలోనా కన్సాలిడేటెడా అన్న గడి, ఉత్పత్తికి ఇంటెన్సిటీ అన్న వరస, ఈ రెండూ చూసుకోండి. ఒక ఆదివారం పొద్దున అయిపోయే పని. ఏదైనా అంకె అర్థం కాకపోతే కంపెనీ పేరు, పేజీ నంబర్ ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.